శుక్రవారం గంట

పోయిన నెల నారాయణగూడలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. టీవీ సౌండు పెంచి ఇల్లంతా అదరగొడుతున్నానని మా ఆవిడ ఆరు నెలలుగా పోరుపెడుతుంటే, నా చెవులు బాగానే ఉన్నాయి, నీవే మరీ పదునెక్కాయని వాదించి వాదించి, చివరికి ఓడిపోయి వెళ్ళాను. మూడో అంతస్తులో నా వంతు కోసం కూర్చుని ఉండగా ఎదురుగోడ మీద తెల్లదీపం ఒకటి టపటపా వెలిగి ఆరడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా భవనాలకు ఫైర్ అలారాలు బిగించి బతికినవాణ్ణి కనుక నా కళ్ళు ముందుగా దాని మీదికే పోయాయి. దీపం బాగానే పెట్టారు, ఎత్తు కూడా సరిగ్గానే ఉంది, మరి మోత లేదేమిటి, వైరు కలపకుండానే చేతులు దులుపుకుని ఉంటారు వెధవలు అని మనసులో తిట్టుకున్నాను. అంతలో పక్క కుర్చీలో ఉన్నావిడ రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకోవడం, ఆవిడ ఒళ్ళో పసిపిల్ల నోరు తెరిచి ఏడవడం చూశాను. అలారం మోగుతూనే ఉంది. నాకే వినబడలేదు.

నా ఈడు వాళ్ళకు ఇదేమీ వింత కాదు. సన్నని కీచు మోతలు ముందుగా పోతాయని, ఏళ్ళ తరబడి హూటర్ల పక్కన నిలబడితే ఇంకా తొందరగా పోతాయని డాక్టరు తర్వాత చెప్పాడు. కానీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు డాక్టరూ గుర్తులేడు, చెవులూ గుర్తులేవు, మా అక్కే గుర్తుకొచ్చింది.

మా అక్కకు పుట్టుక నుంచీ వినబడదు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. పాలమూరు వైపు నుంచి తాపీపనికి వచ్చిన మా నాన్న, రాంనగర్ బస్తీలో ఒక్క గదిలో మమ్మల్ని పెంచాడు. ఆ గదికి ఉన్నది ఒకటే బల్బు. అక్కను పిలవాలంటే దాన్ని రెండుసార్లు ఆర్పి వెలిగించేవాళ్ళం. అక్క మమ్మల్ని పిలవాలంటే దగ్గరికి వచ్చి భుజం మీద మెత్తగా రెండు దెబ్బలు వేసేది. నిద్రలో ఉన్నా, అలిగి గోడవైపు తిరిగి పడుకున్నా ఆ రెండు దెబ్బలకు లేవాల్సిందే. తర్వాత నేను అలారాల కంపెనీలో చేరినప్పుడు, వినబడనివాళ్ళ కోసం గోడకు దీపం పెట్టడమనే కొత్త విద్య గురించి మా మేనేజరు గంటసేపు వివరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఆ విద్యను రోజూ అన్నానికి పిలవడానికి వాడేది.

ఇప్పుడు చెప్పబోయేది రెండువేల పది, పదకొండు ప్రాంతాల మాట. బందులతో, ర్యాలీలతో నగరం ఊగిపోతున్న రోజులు. చిక్కడపల్లి నుంచి దోమలగూడ దాకా కంపెనీ బిగించిన అలారాలన్నీ చూసుకోవడం నా పని. అందులో అశోక్‌నగర్‌లో ఒక నాలుగంతస్తుల భవనం ఉండేది. కింద జిరాక్స్ షాపు, దాని మీద డీటీపీ సెంటరు, ఆపైన బడిపిల్లల యూనిఫాంలు కుట్టే కార్ఖానా, అన్నిటికన్నా పైన స్టడీ హాలు. ఆ కార్ఖానాలో మా అక్క కాలర్లు కుట్టేది. ఆమె కాలరు కుడితే ఇస్త్రీ అక్కర్లేదనేవారు. అయినా చేర్చుకునే రోజు ఓనరు వెనకాడాడు. "గంట మోగితే ఆమెకు ఇనబడది గద అన్నా, రేపు ఏమన్న అయితే నాకే పరేషాన్" అన్నాడు. నేను ఆ మర్నాడే వెళ్ళి, ఆమె మిషనుకు ఎదురుగా గోడ మీద ఒక తెల్లదీపం బిగించి, గంట మోగినప్పుడల్లా వెలిగేలా వైరు కలిపి వచ్చాను. నా ఉద్యోగంలో నేను గర్వంగా చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

జిరాక్స్ షాపాయనకు భక్తి ఎక్కువ. శుక్రవారం పదకొండు గంటలకల్లా దేవుడి పటం ముందు సాంబ్రాణి వేసేవాడు, వేస్తే షాపు కనబడకుండా వేసేవాడు. పొగను పసిగట్టే డిటెక్టరు సరిగ్గా ఆయన నెత్తి మీదే ఉండేది. ఇంకేముంది, ప్రతి శుక్రవారం నాలుగంతస్తుల్లోనూ గంటలు మోగేవి. మోత ఆపడం వాచ్‌మన్‌కు నేర్పాను గాని, ప్యానెల్ మళ్ళీ సరిచేయడానికి నేను రావలసిందేనని, ఏది జరిగినా ముందు నాకే ఫోను చేయాలని గట్టిగా చెప్పిపెట్టాను. వెళ్ళి ఒక బటను నొక్కి, రెండో అంతస్తుకు ఎక్కి, గుడ్డల మూటల మధ్య అక్కతో కలిసి భోంచేసేవాణ్ణి. అమ్మ పోయాక అక్క రాంనగర్‌లో ఒక్కతే ఉండేది, నా కాపురం ఊరి చివర. పండక్కీ పబ్బానికీ తప్ప చూసుకోవడం కుదిరేది కాదు. అందుకే శుక్రవారం నా పేరున ఒక జొన్నరొట్టె, దాని మీద టమాట తొక్కు ఆమె డబ్బాలో ఎప్పుడూ ఉండేవి. తింటూ తన చేతులతో బస్తీ కబుర్లన్నీ చెప్పేది. ఎవరి కిరాయి పెరిగిందో, ఎవరి కోడలు అలిగి వెళ్ళిందో, వినబడే నాకన్నా ఆమెకే ఎక్కువ తెలిసేది.

ఆ డిటెక్టరును నాలుగడుగులు పక్కకు జరిపితే సాంబ్రాణి బాధ ఉండదని నాకు తెలుసు. అరగంట పని. చేయలేదు. చేస్తే శుక్రవారాలు పోతాయి. ఇది నేను మా ఆవిడకు కూడా చెప్పలేదు, ఇన్నేళ్ళకు మీతో చెబుతున్నాను.

ఇంతలో స్టడీ హాలు పిల్లలకు గ్రూప్స్ పరీక్ష దగ్గరపడింది. ఊళ్ళలో పొలం పనుల మధ్య నుంచి వచ్చి, హాస్టల్ అన్నం తింటూ, చెవుల్లో దూది పెట్టుకుని పొద్దస్తమానం చదివేవాళ్ళు. ఒక శుక్రవారం నలుగురైదుగురు కలిసి నా దగ్గరికి వచ్చారు. "అన్నా, ఇరవై రోజులే ఉంది పరీక్ష. గా గంట జర బంద్ చెయ్యరాదే, నీకు దండం పెడత" అన్నాడు ఒకతను. వాళ్ళ మొహాలు చూస్తే జాలేసింది. డిటెక్టరు జరిపితే అందరి బాధా తీరేది, నేను మాత్రం సులువు దారి చూసుకున్నాను. అక్క దగ్గరికి వెళ్ళి ఒక గుడ్డ ముక్క అడిగాను. దేనికని చేత్తో అడిగింది. డిటెక్టర్లు తుడవడానికని గోడ మీద తుడుస్తున్నట్టు చూపించాను. మంచిది ఏరి, మడతపెట్టి మరీ ఇచ్చింది, నీలిరంగు యూనిఫాం ముక్క. మూడో అంతస్తుకు వెళ్ళి దాన్ని గంటకూ దాని సుత్తికీ మధ్య కుక్కేశాను. పిల్లలు నాకు టీ కూడా తాగించారు.

అక్క సంగతి ఇంకొకటి చెప్పాలి. శుక్రవారం గంట మోగితే ఆ భవనంలో ఎవరూ తల తిప్పేవారు కాదు. కార్ఖానా ఆడవాళ్ళు "సాంబ్రాణి ఏశిండు" అనుకుని మిషను తొక్కుతూనే ఉండేవారు. అక్క మాత్రం దీపం వెలిగిన ప్రతిసారీ మిషను ఆపి, చెప్పులేసుకుని, మెట్లు దిగి కిందిదాకా వెళ్ళి చూసి, ఏమీ లేదని తేల్చుకున్నాకే వచ్చి కూర్చునేది. అందరూ నవ్వేవారు, నేనూ వెక్కిరించేవాణ్ణి. ఆమె పట్టించుకునేది కాదు. తమ్ముడు పెట్టిన దీపం ఊరికే వెలగదని ఆమె నమ్మకం.

గుడ్డ కుక్కిన మరుసటి శుక్రవారం నేను చిక్కడపల్లిలో ఒక షాపులో నిచ్చెన మీద ఉండగా వాచ్‌మన్ ఫోను వచ్చింది. వస్తున్నా, నా రొట్టె సల్లారనియ్యకు అని వేళాకోళంగా అనబోయాను. "సాంబ్రాణి గాదు సార్, జల్ది రాండ్రి" అన్నాడు. డీటీపీ వాళ్ళ ఇన్వర్టర్ బ్యాటరీలు అంటుకున్నాయి. ఆ మనిషి పైకి పరుగెత్తకుండా ముందు నాకు ఫోను చేశాడు. అలా నేర్పింది నేనే. స్కూటరు ఎక్కడమైతే ఎక్కాను గాని ఎలా నడిపానో తెలియదు. పై అంతస్తులో అరవై మంది పిల్లలు, చెవుల్లో దూది, గంటలో గుడ్డ. వాళ్ళ కింది అంతస్తులో అక్క.

లోపల జరిగింది నేను చూడలేదు, తర్వాత ముక్కలు ముక్కలుగా విన్నాను. దీపం వెలగగానే అక్క అలవాటు ప్రకారం చెప్పులేసుకుని దిగింది. మొదటి అంతస్తు మలుపులో నల్లపొగ కనబడింది. దిగిపోయే వీలు ఇంకా ఉంది, దిగలేదు. వెనక్కి ఎక్కి, కార్ఖానాలో ఒక్కొక్కరి భుజం మీద రెండేసి దెబ్బలు వేసి, మెట్లవైపు చూపించి, అక్కడి నుంచి స్టడీ హాలుకు వెళ్ళింది. హాల్లో ఒక్క తలా లేచి లేదు. మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. నాకు దండం పెట్టిన కుర్రాడే చెప్పాడు: "భుజం మీద రెండు దెబ్బలు పడ్డయ్ అన్నా. కోపంగ తల ఎత్తిన. పెద్దమ్మ ఏం మాట్లాడతలేదు, మెట్ల దిక్కు చెయ్యి చూపెడుతున్నది. అప్పుడు పొగ వాసనొచ్చింది." గదికి ఆ చివరి పిల్లలు ఇంకా తల ఎత్తలేదు. అప్పుడే తలుపు పక్కన గంట సుత్తి గిలగిల కొట్టుకోవడం, దాని కింద నీలిగుడ్డ ఆమె కంటపడ్డాయట. గుడ్డ లాగేసింది. లాగినా మోగిందో లేదో తనకెలా తెలుస్తుంది, అందుకని అరచేయి గంటకు ఆనించి చూసుకుందట. అదురు చేతికి తగిలాకే మిగతా వరుసల వైపు వెళ్ళింది.

నేను వెళ్ళేసరికి పిల్లలు తడిగుడ్డలు మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ బయటికి వస్తున్నారు. ఫైరింజను అప్పుడే వచ్చి ఆగింది. అక్క అందరికన్నా ఆఖరున దిగింది. జుట్టు రేగిపోయి, ముక్కు కింద మసి. ఎవరికీ ఏమీ కాలేదు. జనంలో నన్ను వెతుక్కుంటూ వెనక నుంచి వచ్చి భుజం మీద రెండు దెబ్బలు వేసింది. తిరిగాను. నా చేయి తెరిచి అందులో ఆ నీలిగుడ్డ పెట్టింది. గాలిలో గోడ తుడుస్తున్నట్టు చేయి ఆడించి, తుడవడానికేనా అన్నట్టు నా కళ్ళలోకి చూసింది. నడిరోడ్డు మీద, అంతమంది ముందు, యాభై దాటిన మనిషిని ఏడ్చాను. ఎవరో ఇటు వస్తుంటే, అక్క తొందరగా నా వేళ్ళు తనే ముడిచి ఆ గుడ్డ కనబడకుండా మూసేసింది. ఆ తర్వాత ఎవరడిగినా ఆమె చేతులు ఆ మాట చెప్పలేదు.

మర్నాడే డిటెక్టరు జరిపాను, అరగంట పట్టింది. షాపాయన సాంబ్రాణి ఆయన వేసుకున్నాడు, గంట మోగలేదు. పనేమీ లేకుండా వెళ్ళి భోంచేయవచ్చు, ఎవరు కాదన్నారు? కానీ పిలుపు లేని చోటికి ఒక వారం వెళ్తాం, రెండో వారం ఇంకో పని తగులుతుంది. శుక్రవారం పదకొండయ్యేసరికి అక్క కుట్టడం ఆపి ఆ దీపం వైపు ఒకసారి చూసేదని కార్ఖానా ఆడవాళ్ళు ఎప్పుడో మాటల మధ్య చెప్పారు. రెండువేల పధ్నాలుగు వచ్చేసరికి కార్ఖానా ఊరవతలికి పోయింది, అక్క పని మానేసింది. నాలుగేళ్ళ కిందట ఆమె కూడా పోయింది. పదవీ విరమణ చేసిన నాకిప్పుడు వారానికి ఏడు శుక్రవారాలున్నాయి. రొట్టె పెట్టే మనిషి లేదు.

క్లినిక్‌లో ఆ రోజు మోగింది ఉత్తుత్తి అలారమేనని, అందరూ దిగుతారో లేదో చూసే పరీక్షేనని తర్వాత తెలిసింది. మైకులో చెప్పారట, అదీ నాకు వినబడలేదు. ఇప్పుడు ప్రతి గోడకూ దీపాలున్నాయి, మెట్ల దారి చూపే పచ్చబోర్డులున్నాయి, మా కాలంలో కన్నా అన్నీ పద్ధతిగా ఉన్నాయి, ఒప్పుకోవాలి. కొందరు ఫోనులోంచి తలెత్తకుండానే లేచి దిగిపోయారు. కౌంటర్ దగ్గరి అమ్మాయి దూరం నుంచే నాకు చేయి ఊపి, తనూ వెళ్ళిపోయింది. హాలు ఖాళీ అయింది. దిగాలని తెలుసు, దారి కూడా కనబడుతోంది. అయినా కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ దీపం కింద, వెనక నుంచి ఎవరో వస్తారన్నట్టు, భుజం కాస్త వంచి అలాగే నిలబడిపోయాను.