కటింగులు పోను చేతికెంత?

నోరు మంచిదైతే ఊరు మంచిదట. నా నోరెంత మంచిదో అనంతపురంలో ఒక ఆసుపత్రి వరండా మొత్తానికి తెలుసు. ఆ వరండాలో నా పరువు కూలిన వైనం చెప్తాను. నవ్వండి గానీ మెల్లగా, మా ఆయన పక్కగదిలోనే ఉన్నాడు.

కొన్నేళ్ల కిందట, కుందుర్పిలో ఉండే మా అక్క కూతురు లత డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు ముగించింది. అనంతపురంలో కొలువు దొరికితే మా ఇంట్లోనే ఉంటుంది. జీతం చాలకపోతే బెంగళూరు బస్సెక్కుతుంది. దాన్ని పంపేది నాకు ఇష్టంలేదు. అందుకే ఇంటర్వ్యూకు నేనూ తయారైనాను. డిగ్రీ చదివినదాన్ని, చీనీకాయల మండీలో దళారులనే ఏడిపించినదాన్ని, జీతం బేరం నాకొక లెక్కా?

ఆసుపత్రికి చేరినాక లత సర్టిఫికెట్ల జిరాక్సుకు పోయింది. నాకు కాలు నిలవలేదు. కౌంటర్లో కళ్లద్దాలాయన దగ్గరికి పోయినాను.

"ఏమప్పా, డయాలసిస్‌కు వచ్చినాం."

"ఎవరికి మేడం?"

"మా అక్క కూతురికి. ఇరవై రెండేండ్లు."

ఆయన ముఖం వాడిపోయింది. "అయ్యో, ఇంత చిన్న వయసులోనా?"

"చిన్న వయసులో మొదలుపెడితేనే కదప్పా బాగుపడేది."

"మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉండాదా?"

"మా వంశంలో ఈ పాపకే మొదలు" అన్నాను, తల ఎగరేసి.

ఆయన నన్నొక తీరుగా చూసి, "వారానికి మూడు దినాలు రావాల. వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. మంచం మేమే ఇస్తాం" అన్నాడు.

నాలుగు గంటల డ్యూటీ, పైగా మంచం. ఈ భోగం కలెక్టరుకు కూడా లేదు కదండీ.

"మరి దుడ్లు?"

"నెలకు పది వేలు పింఛను. గవర్నమెంటే ఇస్తాది."

చేరకముందే పింఛను! గుండె మేకపిల్లలా గంతులేసింది. అయినా మొదటి మాటకే తలూపితే నేను నేనెట్లయితాను? "పది వేలు ఏమూలకప్పా, పదిహేను చేయించు. ఇంతకీ పర్మనెంటేనా?"

ఆయన గొంతు తగ్గించినాడు. "ఒకసారి మొదలైతే దాదాపు జీవితాంతమే మేడం."

"శభాష్. కటింగులు పోను చేతికెంత?"

"కటింగు చేతికే మేడం. చిన్న ఆపరేషన్. సూది గుచ్చేదానికి నరం తయారు చేయాల కదా."

"టెక్నీషియన్ ఉద్యోగానికి ఆపరేషన్ ఏందప్పా?"

"ఉద్యోగమా? పాప పేషెంటు కాదా?"

తన వంతు కోసం బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన నా వైపు తిరిగినాడు.

"ఏమ్మా, పది వేలు చాల్లేదంటివే. నా కొలువు మీ పాపకిస్తా, తీసుకో. మంచం మెత్తగానే ఉండాది."

నవ్వుకు పైకప్పు లేచింది. మా చేలో అయితే వానల్లేక నోరు తెరిచిన నెర్రెలు బోలెడు, ఏదో ఒకదాంట్లో దూరేదాన్ని. ఆడ చూస్తే పాడు బండలు, చీమ దూరే సందు లేదు.

అంతలో లత వచ్చింది. లోపలి నుంచి పిలుపూ వచ్చింది. సంగతి విని, "చిన్నమ్మా, నీకు పుణ్యముంటాది, ఈడే ఉండు" అని ఒక్కతే పోయింది. నా నోటివల్ల పిల్ల కొలువు పోతుందేమోనని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కినాను.

వెలిగిపోతా బయటికొచ్చింది. "వచ్చింది చిన్నమ్మా. పీఎఫ్, ఈఎస్‌ఐ, రాత్రి డ్యూటీకి వేరే భత్యం, కామెర్ల టీకా ఊరికే వేస్తారు. జీతం నేనడిగినదానికన్నా వెయ్యి ఎక్కువే."

"చూసినావా, నీ మార్కులు చూసి ఇచ్చింటారు."

"మార్కులు కాదు. ఆ వెయ్యి నీదంట. మళ్లీ నువ్వు బేరానికి రాకుండా."

ఇందుమూలంగా నేను ప్రతిజ్ఞ చేయునది ఏమనగా, ఈ జన్మలో ఏ ఆసుపత్రిలోనూ నోరు విప్పి బేరమాడను. మందుల షాపు ఆసుపత్రి కిందికి రాదు కదా?