ఒట్టి స్పిరిట్ వేసిన వరస

తొమ్మిదేండ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉండాది. మింగను కాలేదు, కక్కను కాలేదు. నువ్వెవరో నాకు తెల్దు, నేనెవరో నీకు తెల్దు. అందుకే నీతో చెప్పగలుగుతా ఉండా. మా పెద్దమ్మ చావుకు నేనూ కారణం. "నేనూ" అని ఎందుకన్నా? చూడు, ఇప్పుడు కూడా సగం తప్పు ఇంకెవరి మీదికో తోస్తా ఉండా.

అప్పట్లో తిరువళ్ళూరు పక్క ఒక కాలేజీ ల్యాబులో రీసెర్చి చేస్తా ఉన్నా. తిరుత్తణి నుంచి రోజూ ట్రైనులో పోయి వచ్చేదాన్ని. నా పని గింకో అనే చైనా చెట్టు మీద. ఆ చెట్టు మన ఎండకు బతకదు. ఎండిన ఆకు, గింజలు పొట్లాల్లో వచ్చేవి. వాటిలో ఉండే సారం క్యాన్సర్ కణాలను చంపతాదా అని చూడాల. ఆకును స్పిరిట్‌లో నానబెట్టి సారం తీసి, చిన్న చిన్న గుంటలుండే ప్లేటులో పెంచిన కణాల మీద వేస్తాము. ఒక్క వరసలో మాత్రం ఆకు లేకుండా ఒట్టి స్పిరిట్ వేయాల. ఆ వరసలో కణాలు బతికుండి మిగతా వరసల్లో చస్తేనే ఆకు పనిచేసినట్టు.

మూడేండ్లు ఏమీ రాలేదు. ఒకరోజు అన్నీ చచ్చినాయి. ఎగిరి గంతేసినా. మళ్ళా చూస్తే ఒట్టి స్పిరిట్ వరసలోనూ చచ్చినాయి. స్పిరిట్ ఎక్కువ పోసేసినా, అంతే. ఇంతలో మా సారు వెనక నిలబడి "వచ్చిందామ్మా?" అన్నాడు. "వచ్చింది సార్" అన్నా. ఆ ఒక్క వరస నంబర్లు మార్చి రాసినా. తర్వాత ఎవరూ లేనప్పుడు కొలత సరిగ్గా పెట్టి మళ్ళా చేసినా. ఆకు సారం వేసినా కణాలు హాయిగా ఉన్నాయి. ఆ కాగితాలు చించేసినా.

అప్పుడే పెద్దమ్మకు రొమ్ములో గడ్డ కనబడింది. మద్రాసు డాక్టర్లు వెంటనే ఆపరేషన్ అన్నారు. మా ఇండ్లల్లో ఒక పద్ధతి ఉండాది. డాక్టరు ఏం చెప్పినా సరే, ఇంట్లో చదువుకున్నోళ్ళు ఊ అంటేనే కదిలేది. ఆ చదువుకున్నది నేనే. పెద్దమ్మ మల్లెపూలు కడతా అడిగింది.

"పాపా, నీ ఆకు ఈ రోగాన్ని నిజంగా చంపతాదా?"

"ప్లేటులో చంపింది పెద్దమ్మా."

"ప్లేటో గిన్నో, చంపింది గదా! మళ్ళ నన్ను కొయ్యడమెందుకు? కత్తంటే నాకు పైప్రాణాలు పైనే పోతాయి."

"ఆకు కషాయం కొన్నాళ్ళు తాగి చూడు" అన్నా.

ఆ మాట ఎట్ల వచ్చింది నా నోట్లో నుంచి? అబద్ధమని ఆమెతో చెబితే సారుకు తెలుస్తాదని బయమా? లేక ఊరంతా నన్ను డాక్టరమ్మా అంటా ఉంటే ఆ పేరు వదలబుద్ధి కాలేదా? రెండూ. గింజలు కూడా అడిగింది. పచ్చివి తింటే ఫిట్స్ వస్తాయి, వద్దని గట్టిగా చెప్పినా. ఎంత జాగ్రత్తో చూడు నాది!

రోజూ పొద్దున ఆకు కషాయం తాగింది. నా రీసెర్చి ఫలిస్తే జుట్టిస్తానని మొక్కుకునిందంట. తిరుత్తణి కొండెక్కి గుండు కొట్టించుకునింది. "ఆస్పత్రి మందుకైతే జుట్టు ఎట్లాగూ పోయేదంట గదా, అదేదో సామికిచ్చేస్తే పోలా" అని నవ్వతా, గుండుకు చందనం పూసుకుని వచ్చి, నా నోట్లో పంచామృతం పెట్టింది. మింగినా.

ఎనిమిది నెల్లకు రోగం ఎముకల్లోకి పాకింది. "ఇన్ని నెల్లు యాడికి పోయినారమ్మా?" అని డాక్టరు అరిచినాడు. "నాకే బయమేసి రాలేదు సార్" అనింది పెద్దమ్మ. నా పక్క చూడనే లేదు. నన్ను కాపాడిందా, నిజంగా అట్లే అనుకునిందా? అడగలేదు. అడిగేదానికి ధైర్యం వచ్చేలోపల ఆమె లేదు.

అంతకన్నా ఘోరం ఏమంటే, పెద్దమ్మ కూతురు, మా అక్క, నన్ను దేవతను చేసి పెట్టింది. "మా చెల్లి ఆకు వల్లే అమ్మ అన్నాళ్ళన్నా ఉన్నింది" అని కనబడినోళ్ళకంతా చెప్తాది. పోయిన వారం పొన్నేరి నుంచి ఒకామెను స్కాన్ కాగితాలతో సహా మా ఇంటికి తీసుకొచ్చింది. ఆకు కావాలంట. ముందు ఆస్పత్రికి పో, ఆకు ఏమీ చేయదు అని చేతులు పట్టుకుని చెప్పినా.

"మళ్ళ మీ పెద్దమ్మకెందుకిచ్చినావు?" అని అడిగింది ఆమె.

అక్క నా మొఖం చూస్తా ఉండాది. కాఫీ పెట్టుకొస్తానని లోపలికి పోయినా. ఆమె ఆస్పత్రికి పోయిందో లేదో నాకు తెల్దు. అక్క ఇంకెవరెవరికి చెప్పిందో తెల్దు. నిజం చెబితే అక్కకు అమ్మ మళ్ళా ఒకసారి చస్తాది. చెప్పకుంటే ఇంకెవరో చస్తారు. ఎటు తిరిగినా గోడే.

సరే, రాసేసినా. పెద్దమ్మకు ఆకు పనిచేయదని తెలిసే ఇచ్చినా. ఈ మాట మొదటిసారి కాగితం మీద చూస్తా ఉంటే గొంతు కొంచెం తెరుచుకునింది. క్షమించమని అడగడం లేదు. నాకు తెలుగక్షరాలు నేర్పింది పెద్దమ్మే. అక్క అరవ బడిలో చదివింది, తెలుగు చదవను రాదు. ఇదంతా తెలుగులోనే ఎందుకు రాసినానో నాకు బాగా తెలుసు.