ఏకాదశి ఉపవాసం ఉన్న మొసలి

ఆ కాలంలో మా కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఊరు చూడ్డానికని ఎవరూ ఊరికి వెళ్ళేవారు కాదు. పెళ్ళికో, చావుకో, పశువుల సంతకో, కోర్టు వాయిదాకో వెళ్ళేవారు; దారిలో ఊరు దానంతటదే కనబడేది. ఊరికే చూసొద్దామని బస్సెక్కేవాణ్ణి ఇంట్లోవాళ్ళు కాస్త అనుమానంగా చూసేవారు. ఇప్పుడు దానికో శాస్త్రం ఉంది. మా మేనకోడలు కాలేజీలో 'సుస్థిర పర్యాటకం' అనే పాఠం చదువుతూ, పర్యాటకం వల్ల వచ్చే ఆర్థిక, సామాజిక, పర్యావరణ ప్రభావాలేమిటో చెప్పమని మొన్న నన్నడిగింది. ఆ మూడింటినీ ఒకే ఒక్క మొసలితో ఒక ఊరి మీదికి తెచ్చినవాణ్ణి నేనేనని చెప్పాను. అది నమ్మలేదు. (మా ఇంట్లో నా మాట నమ్మడం ఎప్పుడో మానేశారు. మీరు పరాయివాళ్ళు కనక మీకింకా ఆ అవకాశం ఉంది.)

డిగ్రీ చదివి నందిగామ బస్టాండులో వచ్చేపోయే బస్సుల్ని లెక్కపెట్టుకుంటున్న నన్ను, మా మేనమామ తీసుకెళ్ళి జగ్గయ్యపేటలో ఒక షావుకారు గారికి అప్పగించాడు. ఆయనకు వేదాద్రిలో కృష్ణ ఒడ్డున యాత్రికుల కోసం కట్టించిన చిన్న సత్రం ఉండేది. దానికి నేను గుమస్తాని. శనివారాలూ తిరునాళ్ళప్పుడూ జనం బాగానే వచ్చేవారు. నదిలో మునిగి, నరసింహస్వామిని చూసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేవారు. మిగతా రోజుల్లో సత్రంలో నేనూ బల్లులూ మాత్రమే. వంటచేసే పిన్నిగారు (ఎవరికీ పిన్ని కాదు, ఊరందరికీ పిన్నిగారు) పొద్దున్నే ఇంత వండి పడేసి ఇంటికి వెళ్ళిపోయేది. బస్సు లేపిన దుమ్ము అణిగేదాకా రోడ్డు మీదే నిలబడి చూసేవాణ్ణి. దుమ్ము కూడా పోయాక ఇక చూడ్డానికేమీ ఉండేది కాదు. గోడలతో మాట్లాడుకోవడం అంటారు చూశారా, నేను నిజంగానే మాట్లాడాను. నాలుగు గోడల్లో తూర్పుది కాస్త మర్యాదగా వినేది.

మాట్లాడే మనిషంటూ ఉన్నది ఒక్కడే, రేవులో పడవ నడిపే ముసలాయన. పెళ్ళాం పోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కూతురు అవతలి ఒడ్డున కాపరం చేస్తోంది. మధ్యాహ్నం పూట దాటేవాళ్ళెవరూ ఉండరు కనక, రేవు పక్కనున్న ఇసుకలో మొహం మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని కథలు చెప్పేవాణ్ణి. మా తాత పెద్దపులికి తల దువ్వాడనీ, మా మేనత్త గుమ్మడికాయలో ఉయ్యాల కట్టుకుని ఊగిందనీ. ఆయన కళ్ళు తెరిచేవాడు కాదు గానీ, కథ మంచి పట్టులోకి వచ్చినప్పుడు తువ్వాలు కింద నుంచి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం నేను పొద్దున్నుంచీ అబద్ధాలు పోగుచేసుకునేవాణ్ణి.

ఒక ఏకాదశి రోజున మధ్యాహ్నం బస్సు కదలబోతోంది. కిటికీ పక్కన నందిగామ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. మంచి రైతు కుటుంబమని చూడగానే తెలుస్తోంది. (వరసేమీ లేకపోయినా, మా ఊరావిడని తెలిశాక నేను అత్తయ్యగారూ అన్నాను, అలా అనడం మాకు అలవాటు.) రేవులో మునగలేకపోయానే, లోతని భయపడ్డానే అని ఆవిడ బాధపడుతోంది. నేను కింద నిలబడి, భయమెందుకండీ, మా ముసలాయన రేవు దగ్గరే ఉంటాడు, ఒడ్డునే పడుకుని ఉంటాడు, పిలిస్తే చాలు నీళ్ళలోకి దిగుతాడు, ఇవాళ ఏకాదశి కనక ఏమీ తినకుండా నీరసంగా ఉన్నాడంతే, అని చెప్పాను. సరిగ్గా అప్పుడే డ్రైవరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కి ఇంజను రొద పెట్టించాడు. ముసలాయనలోని 'ఆయన'నీ, నా క్రియల చివర్లనీ బస్సు మింగేసింది. ఆవిడకు మిగిలింది మొసలి. ఒడ్డున పడుకుంటుంది, పిలిస్తే నీళ్ళలోకి దిగుతుంది, ఏకాదశి నాడు ఏమీ తినదు.

ఆవిడ సంచీతో సహా బస్సు దిగిపోయింది. ఆవిడెందుకు దిగిందో తెలిసి వెనకాల మరో రెండు కుటుంబాలు దిగాయి. బస్సు వెళ్ళిపోయింది. అందరూ రేవు మెట్ల మీద కూర్చుని, నది మధ్యలో నల్లగా తేలిన బండను చూసి దణ్ణాలు పెట్టారు. బండ కదిలిందని ఒకాయన అన్నాడు, తోక ఆడించిందని ఇంకొకావిడ అంది. నేను సర్దిచెబుదామని నోరు తెరిచాను. ఇంతలో ఆవిడ నా వంక తిరిగి, "కూర్చో అబ్బాయ్, అసలేంటి దాని సంగతి, మొదట్నుంచీ చెప్పు" అంది. నన్ను ఒకరు కూర్చోబెట్టి కథ చెప్పమని అడగడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం కూర్చున్నాను.

ఇక ఆ తరువాత జరిగినదంతా మా మేనకోడలి పాఠంలో ఉన్నదే. నందిగామలో మొదలైన మాట జగ్గయ్యపేట దాటి వీరులపాడు, జి.కొండూరు దాకా పాకింది. వీరులపాడు నుంచి ఒక మాస్టారు బడిపిల్లల్నందర్నీ బండ్ల మీద తీసుకొచ్చారు. తాను చర్చికి వెళ్ళే మనిషినైనా ఉపవాసం ఉండే ప్రాణి ఏ మతానిదైనా గౌరవించదగిందేనని నాతో చెప్పారు. రేవు దగ్గర సోడాబండి వచ్చింది, తరువాత మిరపకాయ బజ్జీలొచ్చాయి, ఆ తరువాత బొమ్మ మొసళ్ళు అమ్మేవాడొచ్చాడు. సత్రం నిండిపోయింది. షావుకారు గారు నన్ను చూసి మొదటిసారి నవ్వారు. (ఇది ఆర్థిక ప్రభావం.) ఆడవాళ్ళు రేవులో స్నానాలు మానేశారు, పగలల్లా మెట్ల మీద కొత్త మొహాలు కళ్ళప్పగించి కూర్చుంటే ఎలా దిగుతారు? ఊళ్ళో పిల్లలు బడి ఎగ్గొట్టి, "అదుగో మొసలి" అని వేలు చూపించి బిస్కట్లు సంపాదించడం నేర్చుకున్నారు. (ఇది సామాజికం.) మొసలి కోసమని జనం అరటిపళ్ళూ బూరెలూ పెరుగన్నమూ నీళ్ళలోకి విసిరేవారు, విస్తళ్ళు వాటి వెనకాలే వెళ్ళేవి. ఊరంతా కావిళ్ళతో తెచ్చుకుని తాగే నీళ్ళవి. ఒకరోజు పిన్నిగారు పప్పు గిన్నె నా ముందు పెట్టి, "నువ్వే వాసన చూడు నాయనా, ఇది కందిపప్పో నీ మొసలి ఎంగిలో" అంది. మూడో ప్రభావం నాకు ముక్కు ద్వారా తెలిసింది.

అంతమంది మధ్య నేను సంతోషంగా ఉన్నానా అంటే, మొదట్లో ఉన్నాను. కొన్నాళ్ళకు ఒక సంగతి కనిపెట్టాను. నేను కథ చెబుతుంటే జనం నా మొహం వంక చూడరు, నా భుజం మీదుగా నీళ్ళ వంక చూస్తారు. మొసలి కనబడకపోతే నేను మధ్యలో ఉండగానే లేచి వెళ్ళి సోడా తాగుతారు. రేపొచ్చేవాళ్ళు వేరే, వాళ్ళకు మళ్ళీ అదే కథ. తూర్పు గోడ నయమనిపించింది, అది కనీసం రోజూ అదే గోడ. ముసలాయన దగ్గరికి వెళదామంటే ఆయన పడుకునే చోట బజ్జీల పొయ్యి వెలిగింది. ఆయనకు చేతినిండా బేరం, జనాన్ని బండ దాకా తీసుకెళ్ళి తీసుకురావడం. చేతిలో డబ్బులాడుతున్నాయి గానీ, మొహం మీద తువ్వాలు వేసుకునే తీరికా చోటూ లేవు.

ఒక సాయంత్రం పడవ కట్టేస్తూ ఆయనే అన్నాడు. "మా అమ్మాయి రమ్మంటందయ్యా. అద్దరికి పోతన్నా."

"ఎన్నాళ్ళకి?"

"ఎన్నాళ్ళకేముంది. పోతన్నా అంతే. కునుకు లేకుండా ఎన్నాళ్ళు బతుకుతా? నన్ను జంతువుని చేశావు, పర్లేదు. ఆ జంతువుకైనా కాస్త చోటుండాలి గదా."

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, ఆయన సామానంతా అప్పటికే పడవలో ఒక మూటగా ఉంది. సత్రంలో ఎందరున్నా నా కథకు "ఊఁ" అనే మనిషి ఆయనొక్కడే. జనం లేకపోతే ఉంటావా అని అడిగాను. జనమెందుకు పోతారని ఆయనన్నాడు. ఒక్క వారం ఆగమని బతిమాలాను. సరేనన్నాడు.

మొసలిని చంపడం తప్ప మార్గం లేదని తేల్చుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం బస్సు కదులుతుంటే వెంట పరిగెత్తి, ఫుట్‌బోర్డు మీదున్న కండక్టరుతో, మొసలి పోయింది, ఇక ఎవరూ రానక్కర్లేదని జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ చెప్పమని అరిచాను. అతను దిగులుగా తల ఊపాడు. అంత దిగులెందుకో నాకప్పుడు తట్టలేదు. ఇంజను మళ్ళీ తన పని తాను చేసిందన్నమాట. ఈసారి మొసలిని మింగి ముసలాయన్ని కక్కింది.

మన పక్క పుట్టినవాడెవడైనా ఎరిగిన సంగతి నేను మర్చిపోయాను. పెళ్ళికి పిలవకపోతే రారు గానీ, చావుకు రావద్దని కబురు పెడితే తప్పకుండా వస్తారు. వద్దన్నారంటే ఎంత బాధలో ఉన్నారో అని ఇంకా తొందరగా వస్తారు. రెండోనాడు మధ్యాహ్నం బస్సు నిండా జనం దిగారు. ఎవరి చేతుల్లోనూ అరటిపళ్ళు లేవు, అందరి మొహాలూ వేలాడుతున్నాయి. ముందు నందిగామ అత్తయ్యగారు. నన్ను చూడగానే కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దకర్మ ఎప్పుడని ఒకాయన చెవిలో అడిగాడు. మొసలికి పెద్దకర్మ ఏమిటా అని నేను బిత్తరపోయి చూస్తుండగానే అందరూ రేవులోకి నడిచారు. మొసలి పోయిందని మైల పట్టారు కాబోలు, ఆ పూట బజ్జీల పొయ్యి వెలగలేదు. ఖాళీ దొరికిందే చాలని ముసలాయన తన పాత చోట ఇసుకలో కాళ్ళు బారజాపుకుని, మొహం మీద తువ్వాలు కప్పుకుని, ఎన్నాళ్ళనుంచో బాకీ పడ్డ నిద్ర పోతున్నాడు.

ఆడవాళ్ళు ఒక్కసారి ఘొల్లుమన్నారు. ముసలాయన తువ్వాలు తీసి లేచి కూర్చున్నాడు. ఇద్దరు వెనక్కి పడ్డారు, ఒకాయన స్తోత్రం అందుకున్నాడు.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు ముసలాయన నిద్రమొహంతో.

"నువ్వే నాయనా," అంది అత్తయ్యగారు.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఎప్పుడు?"

నేను గబగబా మధ్యలోకి వెళ్ళి, పోయింది ఈయన కాదండీ, మొసలండీ అని చెప్పాను. అందరూ నా వంక చూశారు. బస్సుకింకా టైముందని గొణుక్కుంటూ జనం ఒకరొకరే మెట్లెక్కి వెళ్ళిపోయారు. అత్తయ్యగారు మాత్రం ఇసుకలో చతికిలబడి కళ్ళు తుడుచుకుంది. "ఆ మొసలి మాట నేనెప్పుడు నమ్మా అబ్బాయ్? బండకీ మొసలికీ తేడా తెలవదా నాకు? ఇంట్లో పదిమందున్నారు, నాతో మాట్లాడే తీరిక ఒక్కరికీ లేదు. ఇక్కడికొస్తే నువ్వు చెప్తావు, నేను ఇంటా. అందుకొచ్చేదాన్ని."

నాకు చెప్పడానికేమీ తోచలేదు. (ఇది నా జీవితంలో అరుదు, సాక్షులిద్దరూ ఇప్పుడు లేరు.) ముసలాయన తువ్వాలు దులుపుకుని, నదివంక చూసి, "నేను పోతే ఇంతమంది ఏడుస్తారని తెలవక అద్దరికి పోదామనుకున్నా. ఉంటాలేవయ్యా. ముందు అమ్మకి మంచినీళ్ళు తెచ్చివ్వు" అన్నాడు.

చచ్చిన మొసలిని చూడ్డానికి ఎవరూ రాలేదు. సోడాబండి తిరునాళ్ళ వైపు వెళ్ళిపోయింది, షావుకారు గారి నవ్వూ వెళ్ళిపోయింది. వానలకు నది ఒకసారి పొంగి రేవును కడిగింది. పప్పుకు పప్పు వాసన వచ్చింది, ఆడవాళ్ళు మళ్ళీ మెట్లు దిగారు. అత్తయ్యగారు అప్పుడప్పుడూ వచ్చేది, ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని. వచ్చినవాళ్ళు స్నానం చేసేవారు, పిన్నిగారి వంట తినేవారు, చెప్పింది వినేవారు, విస్తళ్ళు తీసుకెళ్ళి గోతిలో వేసేవారు. మా మేనకోడలి పుస్తకంలో ఎన్నో పేజీలు పట్టిన సుస్థిరత అంటే ఇంతేనని నా అనుమానం. అయితే అది ఎక్కువకాలం సుస్థిరంగా లేకపోవడానికి కారణం కూడా నేనే. ఏడాది తిరగకుండా విజయవాడలో మంచి ఉద్యోగం వచ్చింది. ముసలాయన్ని వెళ్ళొద్దని బతిమాలినవాణ్ణి, నేనే ముందు వెళ్ళిపోయాను. ఆయన నిజంగా పోయినప్పుడు నాకు కబురు అందలేదు. పలకరించాల్సినవాళ్ళు ముందే వచ్చి పలకరించారు గదా అని సర్దుకున్నాను గానీ, వాళ్ళలో నేను లేనన్న సంగతి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది.

ఈ మధ్య ఒక్కణ్ణే వేదాద్రి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టేవాళ్ళెవరూ లేరు. ఒక కొట్టు ముందు కూర్చుంటే, కొట్టతను పనేమీ లేక నా వంక చూసి, "ఊరికి కొత్తా అండీ?" అని అడిగాడు. అవునన్నాను. ఇక మొదలుపెట్టాడు. ఈ రేవులో ఒకప్పుడు ఏం జరిగిందో, ఏ రాజుగారు ఏ ఏనుగు మీద వచ్చి మునిగారో, ఆ ఏనుగు ఏమందో. ముప్పాతిక వంతు అబద్ధమని మొదటి మాటకే నాకు తెలిసిపోయింది, అల్లిక కూడా కాస్త వదులుగానే ఉంది. దిద్దుదామని నాలుక దాకా వచ్చింది. కానీ పాపం అతను నా మొహం వంకే చూస్తూ చెబుతున్నాడు. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, మంచి పట్టు వచ్చిన చోట "ఊఁ" అన్నాను.