గిర్నిలో పోసిన మైనం

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకునేవాణ్ని కాదు. ఇప్పుడు ఎవరూ అనకముందే ఒప్పుకుంటున్నాను. డిప్లొమా అయ్యాక ఏడాది ఖాళీగా తిరిగి, సిద్దిపేటలో నగల నమూనాలు చేసే చిన్న కార్ఖానాలో చేరాను. యజమానిని అందరూ చిచ్చా అనేవాళ్లు. మైనం పొడిని మిషన్‌లో పలచగా పరిస్తే లేజర్ దాన్ని కరిగించి అతికిస్తుంది. పొర మీద పొర లేచి ఉంగరం నమూనా తయారవుతుంది. ఆ పొడి మైదాకన్నా మెత్తగా ఉండాలి. బయటినుంచి తెప్పించింది అయిపోవచ్చింది.

"పొడి గీడనే చెయ్యి బేటా. అయితే నౌకరి పక్కా. కాకుంటే ఇంకో జాగ చూస్కో," అన్నాడు చిచ్చా.

మిక్సీలో వేస్తే ముద్దయింది. ఫ్రిజ్‌లో పెట్టి దంచితే చెమ్మ పట్టి ఉండలు కట్టింది. మూడు వారాలు గడిచాయి. ఇంటికి పోవాలంటే కాళ్లు రావడం లేదు (నౌకరి పక్కా అయిందని అమ్మ అప్పటికే వాడకట్టంతా చెప్పేసింది). అప్పుడు వెలిగింది నా బుర్ర. జొన్నల్ని అంత మెత్తగా పట్టే గిర్ని, మైనాన్ని పట్టదా? ఐసులో గట్టిపరచిన మైనం పలుకుల్ని డబ్బాలో పోసుకుని, నడి ఎండాకాలం మధ్యాహ్నం గిర్నికి వెళ్లాను.

"ఏం గింజలు అల్లుడా గివి, గింత సల్లగున్నయి?" అంది గిర్ని నడిపే అత్త.

"కార్ఖానా సామాను అత్తా."

"గిర్నిల పట్టేదేనా?"

"పట్టేదే!"

ఒక్క నిమిషం తెల్లటి పొడి రాలింది. నా జీవితంలో అంత సంతోషం మళ్లీ కలగలేదు. తర్వాత కమురు వాసన వచ్చింది, రాయి మూలిగి ఆగిపోయింది. గిర్ని పిండి వేడిగా వస్తుందని నాకు తెలియదా? చిన్నప్పటినుంచీ ఆ డబ్బాలు మోసి నెత్తి కాల్చుకున్నవాణ్నే!

వెనక వరుసలో ఉన్న ఆడవాళ్లు మీదికొచ్చారు. "ఇయ్యాల రొట్టెలు దేంతోని చెయ్యాలె? నీ మైనంతోనా?"

కబురు విని చిచ్చా ఉలి పట్టుకుని వచ్చాడు. ఒక్క మాటా తిట్టకుండా పక్కన కూర్చుని రాయి గీకసాగాడు. నేనూ గీకుతూ ఏడ్చాను.

"నా నౌకరి పోయిందా చిచ్చా?"

"పోయింది బేటా. గీకుడు ఆపకు."

మొన్న ఫోన్‌లో ఒక వీడియో చూశాను. మైనాన్ని విపరీతమైన చలిలో గడ్డకట్టించి, ఆ చలి తగ్గకుండానే మరలో రుబ్బుతున్నారు. అంటే నా దారి సరైనదే, చలి చాలలేదు. గిర్ని ముందు ఏడ్చిన ఆ ఇరవై రెండేళ్లవాడి దగ్గరికి పరుగెత్తి ఈ మాట చెప్పాలనిపించింది. చెబితే మాత్రం ఏం చేస్తాడు? ఇంకాస్త ఐసు కొనుక్కుని, మళ్లీ ఆ గిర్నికే వెళ్తాడు.