అక్క తెంచి గీసిన గీతలు

మొన్న పొద్దున బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో మగమనిషి, గొంతు బొంగురుపోయి ఉంది. నా పేరు అడిగి, నేనేనని రూఢి చేసుకున్నాడు. "మా అక్క పోయింది మేడమ్. మీకు చెప్పుమని దవఖానాల ఉన్నప్పుడే నంబర్ రాసిచ్చింది" అన్నాడు. కామెర్లు ముదిరాయట. హైదరాబాద్ తీసుకుపోయారు, లాభం లేదంటే మళ్లీ ఇంటికే తెచ్చుకున్నారు. జబ్బు చేసిన సంగతి కూడా నాకు తెలియదు. అంత నొప్పిలో నా నంబర్ యాదిచేసుకుని రాయించిందంటే ఏమనుకోవాలో ఇప్పటికీ తోచడం లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. నిజామాబాద్‌లో ఒక సంస్థ ఆఫీసులో మా ఇద్దరి కంప్యూటర్లు ఒకే బల్ల మీద ఉండేవి. ఆఫీసంతా ఆమెను మేడమ్ అనేది. నేనొక్కదాన్నే అక్కా అనేదాన్ని. మొదటిరోజు నోరుజారి అన్నాను, ఆమె "ఊ" అని పలికింది, ఇక అదే ఖాయమైంది.

సంస్థ చేసే పని పసిపిల్లల బరువు చూడడం. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే వాడల్లో, బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టేవాళ్ల గుడిసెల్లో నెలకోసారి కొక్కేనికి కాటా వేలాడదీసి, గుడ్డ ఉయ్యాలలో పిల్లను కూర్చోబెట్టి తూచేవాళ్లు. చెరుకు కొట్టేవాళ్లు చలికాలం మొదట్లో మహారాష్ట్ర నుంచి పిల్లాజెల్లాతో వచ్చి, ఫ్యాక్టరీ సీజన్ అయ్యేదాకా ఉండి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతారు. ఊళ్లు తిరిగి తూచిన బరువులు ఆఫీసుకు వస్తే, వాటిని మేము వెబ్ అప్లికేషన్‌లో ఎక్కించాలి. సంస్థ డాక్టరమ్మ తన గదిలోనే బ్రౌజర్ తెరిచి ఏ పిల్ల ఎట్లా ఉందో చూసుకోవాలి.

అప్లికేషన్ మొత్తం అక్కే ఒక ఫ్రేమ్‌వర్క్ మీద కట్టింది. ఆ రోజుల్లో మా ఊళ్లో ఆ మాట తెలిసినవాళ్లే తక్కువ. "ఇల్లు కట్టెతందుకు పిల్లర్లు లేపి ఇస్తరు సూడు, గది. గోడలు మనమే కట్టుకోవాలె" అని నాకు చెప్పింది. ఆ గోడల్లో నాకు అప్పజెప్పింది చార్టుల పని. ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకున్న ఒక చార్టు లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం, ఉండేది. దానికి నెలలు, బరువులు వరసగా ఇస్తే గీత గీసి బొమ్మగా ఇస్తుంది. ఎంసీఏ చదివివచ్చిన నాకు అది చాలా సులువైన పని అనిపించింది.

అక్కకు సులువు అనిపించిన పనంటేనే అనుమానం. లైబ్రరీ గీసిన బొమ్మను ఊరికే నమ్మేది కాదు. ప్లాస్టిక్ స్కేలు తీసి మానిటర్ అద్దానికి ఆనించి కొలిచేది. దుమ్మంతా స్కేలుకు అంటుకునేది, చీరకొంగుతో తుడుచుకుని మళ్లీ కొలిచేది. "ముందుగాల చేత్తోని గియ్యి పిల్లా. నీ చెయ్యికి తెల్వంది మెషిన్‌కు ఎట్ల చెప్తవ్?" అనేది. కరెంటు పోయినప్పుడు, అది రోజూ పోయేది, నాకు గ్రాఫు కాగితం ఇచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టేది. తనేమో చాయ్ సాసర్‌లో పోసుకుని, బోధన్ క్వార్టర్స్‌లో పెరిగిన ముచ్చట్లు చెప్పేది. వాళ్ల బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చిన్నప్పుడు చెరుకుబండ్ల పిల్లలతో ఆడి ఆడి మరాఠీ నేర్చుకుందట. ఆ పిల్లల్లో ఒక్కరినీ రెండోసారి చూడలేదని ఒకసారి అన్నది. ఎందుకని నేను అడిగితే, "మల్ల రాలే" అని సాసర్ కడగడానికి లేచింది.

ఒకరోజు సునంద అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. బోధన్ దగ్గరి గుడిసెల్లో ఉండే చెరుకు కొట్టే మనిషి. చంకలో పిల్ల, పేరు రుక్మిణి, ఏడాది నిండలేదు. జ్వరం వస్తే డాక్టరమ్మకు చూపించడానికి బస్సెక్కి వచ్చింది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. అక్క మరాఠీలో పలకరించేసరికి ఆమె ముఖం విప్పారింది, వచ్చి మా బల్ల పక్కనే నిలబడింది. అక్క ముచ్చటగా రుక్మిణి పేరు కొట్టి చార్టు తెరిచింది. మూడు నెలలు నెమ్మదిగా పైకి వెళ్లిన గీత, నాలుగో నెలలో నిటారుగా కింద అట్టడుగుకు పడి ఉంది.

"హీ మాఝీ?" అన్నది సునంద, ఇది నా పిల్లదేనా అని. అక్క తలూపింది. సునంద తెరమీద ఆ పడిపోయిన చోటు చూపించి, "ఖాలీ కా పడలీ?" అన్నది. ఎందుకు కింద పడిందని. అంటూనే పిల్లను రెండు చేతులతో దగ్గరికి గుంజుకుంది.

జరిగింది చిన్న సంగతే. ఆ నెల సునంద పొలంలో ఉండి పిల్లను కాటాకు తేలేదు. డేటాబేసులో ఆ గడి ఖాళీ. ఆ ఖాళీ ఫ్రేమ్‌వర్క్ లోంచి నడిచి లైబ్రరీ దగ్గరికి వచ్చేసరికి, లైబ్రరీ దాన్ని అంకెగా మార్చుకుని సున్నా అనుకుంది. సున్నా కిలోల పిల్ల. అక్క ఆమెకు ఎంత విడమరిచి చెప్పినా, వెళ్లేటప్పుడు గడప దగ్గర వెనక్కి తిరిగి మానిటర్ దిక్కు మరోసారి చూసింది.

ఆ పూట అక్క అన్నం డబ్బా తెరవలేదు. "సున్నా అంటే తూకమేస్తే ఏమీ రాలేదని. ఖాళీ అంటే మనం తూకం వెయ్యలేదని. రెండూ ఒకటెట్లయితయ్?" అన్నది. ఖాళీ ఉన్నచోట అటూ ఇటూ చుక్కల్ని కలిపేద్దామా అని నేనడిగాను. లైబ్రరీలో ఆ వీలుంది. "కలిపితే ఆ నెల పిల్ల మంచిగున్నదని మనం చెప్పినట్లే గద. మనకు తెల్సా?" అన్నది. చివరికి లైబ్రరీ ఫైళ్లు తెరిచి, గీత గీసే భాగం వెతికి, ఖాళీ వచ్చినచోట గీత ఆగేటట్టు, మళ్లీ బరువు దొరికినచోట కొత్తగా మొదలయ్యేటట్టు తానే రాసింది. వారం పట్టింది. అట్లా మా చార్టుల్లో తెగిన గీతలు వచ్చాయి.

అంతటితో అయిపోతే బాగుండేది. సీజన్ చివర హైదరాబాద్ నుంచి సంస్థకు డబ్బులిచ్చేవాళ్లు చూడ్డానికి వస్తున్నారన్నారు. డైరెక్టర్ సార్ పిల్లలందరి సగటు బరువు ఒకే గీతగా కావాలన్నాడు. నేను చేసి ఇచ్చాను. నెలనెలా చక్కగా పైకి పోయే గీత. సార్ సంతోషంగా భుజం తట్టాడు. అక్క మాత్రం స్కేలు పట్టుకుని ఆ గీత ముందు చాలాసేపు కూర్చుంది. తరువాత ఒక్కో పిల్ల పేరూ తెరవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి నన్ను పిలిచింది. "సూడు, మొదటి నెల తూకమేసిన పిల్లలు ఆఖరి నెల లేరు. పోయినోళ్లంత ఎవ్వరు? సన్నోళ్లు. పానం బాగలేనోళ్లు. గట్టిగున్నోళ్లు మిగిలిండ్రు. మిగిలినోళ్ల సగటు పెరగక ఏం జేస్తది?"

"అంటే పిల్లల బరువు పెరగలేదా అక్కా?"

"కొందరిది పెరిగింది. ఈ గీత చెప్పేటంత కాదు." స్కేలు బల్లమీద పెట్టి, "రుక్మిణిది గూడ తెగింది. శివరాత్రి ముంగట" అన్నది.

గుడిసెలకు వెళ్లి అడిగితే, సునంద వాళ్లు సీజన్ మధ్యలోనే పిల్లకు బాగాలేదని ఊరికి వెళ్లిపోయారన్నారు. ఏ ఊరో ముకద్దంకు తెలుసు. కూలీలను తీసుకొచ్చే ఆ ముకద్దం నాందేడ్ దిక్కు ఎటో ఉన్నాడు.

అక్క డైరెక్టర్ సార్ గదిలోకి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. సార్ చెడ్డవాడు కాదు, అది చెప్పాలి. ఎండలో తాను కూడా కాటా మోసుకుని తిరిగిన మనిషి. "సూసెటోళ్లకు ఒక్క గీత చాలమ్మా. వాళ్లు పైసలు ఆపితే వచ్చే ఏడు కాటానే ఉండది. అప్పుడు నీ తెగిన గీతలు గూడ ఉండయి" అన్నాడు. అక్క తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఆ మాటలో న్యాయం ఉందని ఆమెకు తెలుసు. అయినా ఆ వారమంతా ఒక్కో పిల్ల గీతనూ తెరిచి చూస్తూనే ఉంది.

డబ్బులిచ్చేవాళ్లు వచ్చిన రోజు వాళ్ల ముందు పేజీ తెరిచేది అక్కే. సగటు గీత చూపించింది. తరువాత ఎవరూ అడగకుండానే రెండో పేజీ తెరిచింది. అందులో ఒక్కో పిల్లకు ఒక్కో గీత. సగానికి సగం మధ్యలోనే ఆగి ఉన్నాయి. ఒక పెద్దామె కళ్లద్దాలు సర్దుకుని, "ఇవెందుకు తెగిపోయాయి?" అని అడిగింది.

"వలసవాళ్లు కదా మేడమ్, ఇంటికి వెళ్లిపోతారు" అన్నాడు సార్.

"కొందరు పోయిండ్రు" అన్నది అక్క. "అందరు ఇంటికే పోయిండ్రో లేదో మాకు తెల్వదు. మేము అడగలేదు."

పెద్దామె పెన్ను తీసి ఏదో రాసుకుంది.

పైసలు ఆగలేదు, తగ్గాయి. వెళ్లిపోయిన పిల్లల్ని వెతకాలని షరతు పెట్టారు. ఒక జీపు కట్టి సరిహద్దు అవతలి ఊళ్లకు ఇద్దరిని పంపారు. కొందరు పిల్లలు దొరికారు, మందులు అందాయి. కొందరు దొరకలేదు. పైసలు తగ్గినందుకు బీడీల వాడల్లో రెండు చోట్ల కాటా మూసేశారు. ఆ వాడల ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసుకు వచ్చి, మా కాటా మళ్లీ ఎప్పుడు పెడతారని అడిగారు.

ఎండాకాలంలో అక్క ఉద్యోగం గడువు అయిపోయింది, పొడిగించలేదు. చివరి రోజు సార్ ఆమెను మెట్లదాకా సాగనంపాడు. "నువ్వు అబద్ధం చెప్పలే. గని నాకు ముందుగాల ఒక్క మాట చెప్తే బాగుండు" అన్నాడు. బస్టాండుకు నడుస్తుంటే అక్క ఉన్నట్టుండి, "గా మాట నిజమే పిల్లా. చెప్తే ఆపుతడని భయపడ్డ" అన్నది. బోధన్ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా తన చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. తరువాత ఆమె బోధన్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పుకుంది. చివరిదాకా అదే పని.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఆదివారం రమ్మని కబురు పెట్టింది. పొద్దున్నే ఇద్దరం ఆటోలో సాలూర తొవ్వలో దిగాం. మంజీర దాటి చెరుకుబండ్లు వచ్చే తొవ్వ అది. మంచు ఇంకా విడలేదు. ముందు ఎడ్ల మెడగంటలు వినిపిస్తాయి, తరువాత బండి కనిపిస్తుంది. బండిమీద గిన్నెలు, చాపలు, కోళ్లు, వాటి మధ్య దుప్పట్లలో పిల్లలు. అక్క ఒక్కో బండి పక్కన కొంతదూరం నడుస్తూ మరాఠీలో ఊరు అడిగేది, సునంద పేరు చెప్పేది. ఒకామె వెనక్కి చెయ్యి చూపింది.

వెనక బండి పక్కన సునంద నడిచి వస్తోంది. నెత్తిన మూట. చంక ఖాళీ. అక్కను గుర్తుపట్టింది, నడక ఆపలేదు. అక్క ఆమె పక్కన నడిచింది. కొంతదూరం పోయాక సునందే చెప్పింది. "పావసాళ్యాత్ గేలీ." వానకాలంలో పోయింది. జ్వరమట. దవఖానా చాలా దూరమట. వాగు పొంగిందట. ఆమె ఏడవలేదు, మాటలు మాత్రం పొడిపొడిగా ఆగి ఆగి వచ్చాయి. అక్క ఆమె నెత్తిమీది మూట అందుకుని తన నెత్తిన పెట్టుకుంది. మలుపుదాకా ఇద్దరూ అట్లాగే నడిచారు. అక్కడ సునంద మూట తిరిగి తీసుకుని, బండి అందుకోవడానికి అడుగులు పెద్దవి చేసింది.

అక్క వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. అంతలో మరో బండి వచ్చి మా ముందే ఆగింది. పైన పద్దెనిమిదేళ్లు కూడా నిండినట్టు లేని పిల్లతల్లి, దిగాలనుకుంటోంది, చేతిలో పసిగుడ్డు. చుట్టూ చూసి, దగ్గర్లో ఉన్నది అక్కే కాబట్టి, వంగి ఆ బిడ్డను అక్క చేతుల్లో పెట్టింది. పట్టుకో, దిగుతానన్నట్టు. చక్రం మీద కాలుపెట్టి దిగింది, చీర దులుపుకుంది, ఎడ్లకు నీళ్లు చూపించింది. తిరిగి వచ్చి రెండు చేతులూ చాపింది. అక్క బిడ్డ ముఖం మీది దుప్పటి అంచు తొలగించి, రెండు చేతుల్లోనే తూకమేస్తున్నట్టు పట్టుకుని చూస్తూ ఉంది. ఆ తల్లి చేతులు చాపి నిలబడే ఉంది.