సాలేహా పట్టుకున్న పచ్చ బల్బు

గవర్నర్‌పేటలో లాడ్జీల వెనక సందులో నాగూర్ షాపు. మోటార్ సైకిళ్ళకి వైరింగ్ తప్ప ఇంకో పని ముట్టుకోడు. రెండువేల ఏడు ఎండాకాలంలో అతని కంట్లో శుక్లం తీశారు. నెల్రోజులు వంగకూడదు, సోల్డరింగ్ పొగ తగలకూడదు అన్నాడు డాక్టరు. మరి షాపు సంగతి? నాగూర్ నల్లకళ్ళజోడు పెట్టుకుని స్టూలు మీద కూచుని నోటితో చెబుతాడు, చేతులు మాత్రం అతని భార్య సాలేహావి.

సందులో ఆ వారమంతా ఇదే ముచ్చట. టీ అలవాటు లేనివాళ్ళు కూడా ఎదురు టీకొట్టు దగ్గరకొచ్చి నిలబడ్డారంటే చూసుకోండి. సాలేహా ఎవర్నీ లెక్కచెయ్యలేదు. కొండపల్లిలో వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఊరంతా బొమ్మలే అయినా ఈ పిల్ల బొమ్మ ముట్టుకుంటే ఒట్టు. విప్పిన రేడియోలో తల దూర్చి, ఇదెందుకు అదెందుకు అని ఆయన్ని కొరుక్కుతినేది. పెళ్ళయ్యాక పదహారేళ్ళు ఇంట్లో మిక్సీలూ ఫ్యాన్లూ విప్పి చూసుకోవడంతోనే సరిపెట్టుకుంది. ఇప్పుడు వైర్లో కరెంటుందో లేదో చూసే టెస్ట్ ల్యాంపు చేతికి రాగానే మనిషి ముఖంలో కళే మారిపోయింది. ఈ పని ఇక వదలాలంటే ప్రాణం పోయినట్టే ఉంటుంది ఆవిడకి.

గిట్టనిది ఒక్క బావగారికే. నాగూర్ అన్న కరిముల్లాది పక్కనే స్పేర్‌పార్ట్స్ కొట్టు. నాగూర్ షాపు గది కూడా ఆయనదే.

"ఒరే నాగూరూ, నీ కోసం ఊరుకుంటున్నాను," అన్నాడు ఆయన. "ఒక్క బండి, ఒకే ఒక్క బండి బాగవకుండా వెనక్కెళ్ళిందా, షట్టర్ దించేస్తాను. మీ ఆవిడ ఇంటికి. మళ్ళీ ఇక్కడ కూచునే మాటే లేదు."

ఆ ఒక్క బండీ గురువారం పొద్దున్నే రానే వచ్చింది.

తెచ్చినాయన రామ్మూర్తి గారు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగం, బండంటే మహా సోకు. కొత్తగా ఎల్‌ఈడీ ఇండికేటర్లు కొనుక్కుని తనే బిగించుకున్నాడు.

"స్విచ్ వేస్తే జ్వరమొచ్చినట్టు గబగబా కొట్టుకుంటున్నాయండీ. మా ఆవిడ జానకి బండెక్కనంటోంది. దొంగల బండిలా ఉందంట."

నాగూర్ నవ్వాడు. "ఇండికేటర్లని వెలిగించి ఆర్పేది ఫ్లాషరండీ. పాతదానికి లావు బల్బులు అలవాటు. ఇవేమో పిట్ట తిండి తింటాయి. కరెంటు తక్కువ లాగేసరికి బల్బు పోయిందనుకుని అది కంగారు పడుద్ది. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే నెమ్మదిస్తది."

కరిముల్లా కొట్టులోంచి కొత్త ఫ్లాషర్ వచ్చింది. సాలేహా సైడ్ కవర్ తీసి పాతది పీకి దాన్ని గుచ్చింది. ఎడమ స్విచ్ వేసింది. టక్, టక్ అని స్థిమితంగా వెలిగింది. ఆవిడ ఇంకా ఊపిరి వదల్లేదు, టీకొట్టు శౌరయ్య గ్లాసు పట్టుకునే అన్నాడు: "అమ్మా, కుడిపక్కవి కూడా వెలుగుతున్నాయేంటి?"

నిజమే. ఎడమ వేస్తే నాలుగూ, కుడి వేస్తే నాలుగూ. ఇందాకటి గబగబలో ఎవరూ చూసుకోలేదు.

రామ్మూర్తి ముఖం వాడిపోయింది. "రెండింటికి నాకు షిఫ్టండీ. ఆ రోడ్డు నిండా బూడిద లారీలు. నేనెటు తిరుగుతానో వెనకోడికి తెలియకపోతే నా పని అయిపోద్ది. మీ వల్ల కాకపోతే పీకేసి పాతవే పెట్టేయండమ్మా."

కరిముల్లా కొట్టు దిగి వచ్చాడు. "ఎర్త్. ఎక్కడో ఎర్త్ పోయింది." బల్బులోంచి కరెంటు తిరిగి బండి ఇనుములోకి దిగే దారి అది. ఆ సందులో ఏ జబ్బో తెలియకపోతే అందరూ చెప్పేది అదే.

"నాలుగు ఎర్త్‌లూ చూసింది అన్నా," అన్నాడు నాగూర్.

"మళ్ళీ చూడమను."

సాలేహా మళ్ళీ చూసింది. బోల్టుల కింద రంగు గీకి మరీ బిగించింది. నాగూర్ స్విచ్ మీద అనుమానపడితే అదీ విప్పి పెట్రోల్‌తో కడిగింది. నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి. పన్నెండున్నర దాటింది. కరిముల్లా షట్టర్ లాగే కొక్కెం కర్ర చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

సాలేహా చెమట తుడుచుకుంటూ తలెత్తింది. ఎదురుగా మీటర్లో చిన్న పచ్చ బల్బు కొట్టుకుంటోంది.

"ఏమండీ, ఇది ఒకటే కదా. ఎడమకీ ఇదే, కుడికీ ఇదే. రెండిటికీ ఎలా వెలుగుద్ది?"

"వెలుగుద్ది. కంపెనీ వాళ్ళు అలా ఇచ్చారు."

"అదే, ఎలా అని."

పదహారేళ్ళుగా ఈ ప్రశ్నలు పడుతున్న నాగూర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆవిడ మీటరు కిందనుంచి చెయ్యి పెట్టి ఆ బల్బుని ఊడలాగింది. కుడిపక్కవి రెండూ ఠక్కున ఆరిపోయాయి. ఎడమవి మాత్రమే వెలుగుతున్నాయి. కుడి స్విచ్ వేసింది. కుడివే. టీకొట్టు దగ్గరవాళ్ళు గ్లాసులతోనే ముందుకొచ్చారు.

"దొరికిందండీ. దీనికి రెండే వైర్లు. ఒకటి ఎడమవాటికి, ఒకటి కుడివాటికి. ఎడమ కరెంటు ఇందులోంచి దూరి కుడిపక్కకి పోతోంది. లావు బల్బులు ఆ కాస్త కరెంటుకి కన్ను తెరిచేవి కావు. వీటికి ఆ చుక్క చాలు."

"అయితే దాన్ని తీసేయండి, నేనెళ్తాను," అన్నాడు రామ్మూర్తి.

"తీసేస్తే బాగుచేసినట్టా?" అన్నాడు కరిముల్లా.

ఆ మాట మాత్రం సబబే. పచ్చ బల్బు లేకపోతే ఇండికేటర్ ఆపడం మర్చిపోయి ఊరంతా తిరుగుతాడు. సాలేహా చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తి నాన్న ఇచ్చిన బిస్కెట్ డబ్బా తెచ్చింది. అందులో పాత రేడియోల్లోంచి తీసిన డయోడ్లున్నాయి, బియ్యపు గింజ కంటే కాస్త లావుగా, నల్లగా, ఒక చివర వెండి గీతతో.

"ఇవి వన్‌వే రోడ్డులాంటివండీ," అంది రామ్మూర్తితో. "పోవడమే, ఎదురు రావడం ఉండదు."

రెండు వైర్లకీ చెరొకటి అతికించింది. నాగూర్ పొగకి ముఖం పక్కకి తిప్పుకుని అడిగాడు. "గీత ఎటుంది?"

"బల్బు వైపు."

"రెండోదీ?"

"రెండోదీనండీ."

"రెండూ కలిసి బల్బుకి ఒక కాలు. మరి రెండో కాలు ఎక్కడ కలుపుతావు?"

సాలేహా బావగారి వైపు చూసింది. "ఎర్త్‌కి."

కలిపింది. ఎడమ వేస్తే ఎడమ, పచ్చ బల్బు. కుడి వేస్తే కుడి, పచ్చ బల్బు.

"ఏమన్నావూ?" అన్నాడు కరిముల్లా.

"ఎర్త్‌కండీ బావగారూ. ఇన్నాళ్ళూ దీనికి సొంత ఎర్త్ లేదు. అవతలిపక్కది వాడుకుంటోంది."

కరిముల్లా టీకొట్టు వైపు తిరిగాడు. "విన్నారా. పొద్దుట్నించీ నేనేం మొత్తుకుంటున్నాను?"

నాగూర్ నోరు తెరవబోతే సాలేహా అతని కాలు తొక్కింది. "మీరు పొద్దున్నే పట్టేశారు బావగారూ. మా బుర్రకే ఆలస్యంగా ఎక్కింది."

రామ్మూర్తి బండి సందు మలుపులో ఎడమకి తిరుగుతుంటే అందరూ వెనక నుంచి చూశారు. ఎడమది ఒక్కటే వెలిగింది. శౌరయ్య ఆనందం పట్టలేక, షుగరున్న నాగూర్‌కి చక్కెర వేసిన టీ ఇవ్వబోయి, సాలేహా చూపు చూసి వెనక్కి తీసుకున్నాడు.

కరిముల్లా కొక్కెం కర్రని మూలన ఆనించేశాడు. కొట్టెక్కబోతూ ఆగి, అటు తిరిగే అన్నాడు:

"అమ్మా సాలేహా, రేపు తొమ్మిదింటికే షట్టర్ తియ్యండి. నా బండి హారన్ మోగట్లేదు, కాస్త చూద్దువుగాని. ఎర్తే అయ్యుంటది."