బండింట్లో వాసన లేని గాలి

పోయిన వారం పొద్దున్నే మా వంటింటి గోడమీది తెల్లటి చిన్న పెట్టె కుయ్‌మని అరిచింది. నేను చేతిలోని టీ గిన్నె అక్కడే వదిలేసి, పొయ్యి కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, స్నానానికి వెళ్ళిన మా ఆయనను ఒంటిమీద సబ్బు నురగతోనే బాల్కనీలోకి పిలిచాను. తీరా చూస్తే దాని బ్యాటరీ అయిపోయింది. కిష్టారెడ్డిపేటలో మేముండే అపార్ట్‌మెంటు మొత్తంలో విషవాయువును పసిగట్టే ఇలాంటి పెట్టె మా ఒక్క ఇంట్లోనే ఉంది. వచ్చినవాళ్ళు దాన్ని వైఫై అనుకుంటారు, మేము కాదనం. మా ఆయన తువ్వాలు చుట్టుకుని నవ్వారు గానీ మరీ గట్టిగా నవ్వలేదు. అది మా గోడకు ఎందుకెక్కిందో ఆయనకూ తెలుసు.

మా చిన్నమ్మ భర్తను మేము చిన్నాయిన అంటాం. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. తను పానా పట్టుకుంటే బాగుపడనిది లేదని ఆయనకు గట్టి నమ్మకం. చచ్చేలోపు చిన్నమ్మకు సముద్రం చూపించాలని ఇంకో పట్టుదల. ఈ రెండూ కలిసి, సినిమా షూటింగులకు తిప్పి తిప్పి పక్కన పడేసిన క్యారవాన్ ఒకటి ఇంటికి తెచ్చాడు. కారు వెనక తగిలించి లాక్కుపోయే ఇల్లన్నమాట. చిన్నమ్మ దానికి బండిల్లు అని పేరు పెట్టింది. ఒక మంచం, ఒక పొయ్యి, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే బాత్రూం. అందులో చిన్నాయిన స్వయంగా గ్యాస్ గీజర్ బిగించి, దాని పొగగొట్టాన్ని పైకప్పులోంచి బయటికి తీశాడు. పాశమైలారం పక్క ఊళ్ళో పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టుకుంటూ, చాలా ఏళ్ళ కిందట ఒక చలికాలం ఇద్దరూ బండింట్లోనే కాపురం పెట్టారు. ఇల్లు పూర్తికాగానే ఆ బండిలోనే సముద్రానికి ప్రయాణం. అలల్లో తడవడానికని చిన్నమ్మ పాత చీర ఒకటి ముందే తీసి పెట్టుకుంది.

ఆ ఊళ్ళ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడ గాలి మంచిదో చెడ్డదో ముక్కే తేలుస్తుంది. కుళ్ళిన క్యాబేజీ వాసనొస్తే ఒక కంపెనీ, కాలిన ప్లాస్టిక్ వాసనొస్తే ఇంకొకటి. మంచు దిగిన రోజు ఆ వాసన ఊరు వదలదు. అప్పుడు ఆడవాళ్ళు పాత గుడ్డలు తడిపి కిటికీ సందుల్లో, తలుపుల కింద కుక్కుతారు. వాకిలి ఊడ్చుకోవడం ఎలాగో అదీ అలాగే ఒక ఇంటిపని. ఎవరింట్లో వాసన రాకపోతే ఆ ఇల్లాలు అంత పనిమంతురాలు. ఈ విద్యలో మా చిన్నమ్మను మించినవాళ్ళు లేరు. చిన్నాయినకు కంపెనీలో పట్టుకున్న దగ్గు ఒకటుంది. అది వినబడితే చాలు, ఎక్కడ సందుందా అని వెతుక్కునేది.

ఆ చలికాలమే ఆమెకు తలనొప్పి మొదలైంది. వాసన ఎక్కువైన రోజున తలనొప్పీ ఎక్కువే. తర్వాత వాంతులు, కళ్ళు తిరగడం, ఆ తర్వాత మతిమరుపు. పొయ్యిమీద పాలు పొంగుతుండగానే పాలు ఇంకా రాలేదేమని నాకు ఫోన్ చేసింది. వాళ్ళమ్మ చివరికి కన్నబిడ్డలనే పోల్చుకోలేకపోయింది. అదే తనకూ పట్టుకుందని చిన్నమ్మ భయం. "బిడ్డా, నీ పేరు మర్సిపోతే ఏమనుకోకు" అంది ఒకసారి, నవ్వుతూనే. ఆదివారం పొద్దంతా చర్చిలో ఉంటే మాత్రం ఆమె తల తేలికయ్యేది. అది ప్రార్థన ఫలమని పాస్టరమ్మ సంతోషించింది. డాక్టరు బీపీ మాత్రలిచ్చాడు. పొద్దంతా మేస్త్రీల నెత్తిన నిలబడి బయటే ఉండే చిన్నాయిన మాత్రం దుక్కలా ఉన్నాడు. ఆయన కోపమంతా కంపెనీలమీదే. "దీని పానం తీస్తున్నరు. సబూతు దొరకనియ్, ఒక్కొక్కని సంగతి జెప్త" అనేవాడు. ఆ సాక్ష్యం కోసమే పాత దోస్తునడిగి గాలిని కొలిచే మీటరు తెచ్చాడు. కంపెనీ ట్యాంకుల్లోకి దిగేవాళ్ళు నడుముకు తగిలించుకుంటారే, అది.

ఆ మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. బయట కంపు భరించలేకుండా ఉంది. చిన్నాయిన మీటరు పట్టుకుని కంపెనీ నీళ్ళు పారే మోరీ పక్కన నిలబడ్డాడు, రోడ్డుమీద నిలబడ్డాడు, కంపెనీ గోడదాకా పోయొచ్చాడు. మీటరు ఉలకదు పలకదు. "ఖరాబ్ మీటరిచ్చిండు" అని విసుక్కుంటూ, దాన్ని లోపల పెట్టేద్దామని బండింటి తలుపు తీశాడు. అడుగు లోపల పెట్టాడో లేదో అది కీచుమని మొత్తుకుంది.

"ఇంట్ల వాసనే లేదు గదా" అన్నాడు, నాతో కాదు, మీటరుతో. నిజమే, లోపల సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. కిటికీలకు గుడ్డలు పొందికగా కుక్కి ఉన్నాయి. అంకెలు పైకి ఎక్కుతున్నాయి. బాత్రూంలో గీజర్ మండుతున్న చప్పుడు, బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. చిన్నమ్మ స్నానానికి వెళ్ళి చాలాసేపైందని అప్పుడు తట్టింది. ఇద్దరం బాత్రూం దగ్గరికి పరుగెత్తాం. తలుపు బాదితే "ఆఁ... వస్తున్న" అని నిద్రలోంచి అన్నట్టు ఒక మాట వచ్చింది. తర్వాత ఎంత పిలిచినా ఏమీ రాలేదు. ఆ గడియ చిన్నాయిన బిగించినదే, ఆయన బిగించినది అంత సులువుగా ఊడదు. భుజంతో గుద్దాడు, కాలితో తన్నాడు, చివరికి తలుపు చెక్కే చీలింది. గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది చిన్నమ్మ, తల వాలిపోయి. దుప్పటి చుట్టి, ఇద్దరం ఈడ్చుకొచ్చి బయట మంచంమీద వేశాం. ఇన్నేళ్ళుగా తిట్టుకున్న ఆ కంపు గాలినే పీల్చమని, గట్టిగా పీల్చమని ఆమె చెంపలు తడుతూ బతిమాలాను. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. ముక్కు చిట్లించి, "వాసనొస్తుంది, తలుపెయ్యుండ్రి" అంది.

ఆస్పత్రిలో, మంట పొగ బయటికి పోక నిండే వాసన లేని విషవాయువు పీల్చిందని ఆక్సిజన్ పెట్టి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆమెను అక్కడ ఉంచి, మర్నాడు నేనూ చిన్నాయినా బండింటికి వచ్చాం. తలుపులన్నీ బార్లా తీసి పొయ్యి వెలిగించాడు, మీటరు ఊరుకుంది. గీజర్ వెలిగించాడు, మీటరు అరిచింది. తన బిగింపులో తప్పుందేమోనని పాలిపోయిన మొహంతో మరలన్నీ తడిమి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి నిచ్చెనేసుకుని పైకెక్కాడు. పొగగొట్టం మూతిలో, శుభ్రంగా ఉతికి మడతపెట్టిన ఆయన పాత నీలం యూనిఫాం చొక్కా కుక్కి ఉంది. గాలికి జారకుండా దానికి తీగ కూడా చుట్టి ఉంది. మోకాళ్ళ నొప్పుల మనిషి, మా చిన్నమ్మ ఆ నిచ్చెన ఎలా ఎక్కిందో.

చొక్కా ఒళ్ళో పెట్టుకుని చిన్నాయిన పైనే కూర్చుండిపోయాడు. కిందికి దిగాక "కంపు లోపటికి రావద్దని, నా దగ్గుకని జేసింది" అన్నాడు. ఇద్దరం ఏడ్చాం. గీజర్ ఆ రోజే పీకేశాడు. చిన్నమ్మకు మాత్రం గొట్టంలో పిట్ట గూడు పెట్టిందని చెప్పాడు. ఆమె నమ్మిందో, నమ్మినట్టు ఉందో నాకు తెలియదు. ఆ చొక్కా ఏమైందని మాత్రం ఎన్నడూ అడగలేదు.

తలనొప్పి పోయింది, మతిమరుపు పోయింది, ఇద్దరూ రైల్లో వెళ్ళి సముద్రం చూసొచ్చారు. ఇప్పుడు చాలా ఏళ్ళకు చిన్నమ్మకు మళ్ళీ మతిమరుపు వస్తోంది. ఈసారిది వయసు తెచ్చినది, ఎక్కి విప్పడానికి ఏ గొట్టమూ లేదు. చిన్నాయిన ఇప్పటికీ రోజూ కిటికీలు తెరిచిపెడతాడు. ఆమె వెనకే వచ్చి మూస్తుంది. పోయిన వారం పెట్టెలో కొత్త బ్యాటరీ వేసి, మా ఆయనకు టీ కూడా పెట్టకుండా బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. గడపలో నన్ను చాలాసేపు చూసి, చిన్నమ్మ నా పేరు పెట్టి పిలిచింది. కాలానికీ వాసన ఉండదు, అది ఇంట్లో ఎంత నిండిందో అరిచి చెప్పే పెట్టె ఏ గోడకూ దొరకదు.